నాన్నగారి 1951 బీఎస్ఏ బాంటమ్ అమ్మాలి, రంగు వేయించాలా వద్దా?

లెక్కల టీచర్, విజయనగరం:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి మోటారు సైకిల్ అమ్మాలనుకుంటున్నాను. బీఎస్ఏ బాంటమ్, డీ1 మోడల్, 1951లో రిజిస్టరైన బండి. నాకు బేరాలు తెలియవు కానీ బండి మాత్రం బాగా తెలుసు. అమ్మే ముందు తెలిసినవాళ్లను కొన్ని అడగాలి. బండి ఫొటోలు కూడా పెట్టాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

బీఎస్ఏ అంటే మా వీధి పిల్లలు సైకిలా అని అడుగుతున్నారు. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లో తుపాకులు చేసే కంపెనీ మోటారు సైకిళ్లు కూడా చేసేది. ఇది ఆ కంపెనీ బండి. 123 సీసీ, టూ స్ట్రోక్, మూడు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వెనక షాక్ అబ్జార్బర్లు లేవు, సీటు కింద స్ప్రింగులే దిక్కు. ట్యాంకు మీద కోడిపుంజు బొమ్మ ఉంటుంది. బాంటమ్ అంటేనే పొట్టి జాతి కోడి. చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని ఎవరూ బాంటమ్ అనలేదు. అందరికీ ఇది కోడి బండే. "కోడి బండి డాక్టరుబాబు వచ్చినాడు" అంటే మా నాన్నగారు వచ్చినట్టు. ఆయన డాక్టరు కాదు, పశువైద్యశాఖలో కాంపౌండరు. గరివిడి, గుర్ల, మెరకముడిదాం వైపు ఊళ్లు తిరిగి గొడ్లకు టీకాలు వేసేవారు. టీకా మందు ఐసులో ఉండాలి. వెనక క్యారియర్ మీద గోనెసంచి మడతపెట్టి, దాని మీద ఐసు పోసిన ఫ్లాస్కు పెట్టి, కొబ్బరితాడుతో నాలుగు చుట్లు బిగించేవారు. ఆ తాడు రాసుకున్న గుర్తు క్యారియర్ మీద ఇప్పటికీ ఉంది.

1959లో నెల్లిమర్లలో ఉద్యోగం చేసి వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొన్నారు. అందుకోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టారు. విడిపించడానికి మూడేళ్లు పట్టిందని అమ్మ చెప్పేది.

ఈ బండికి పెట్రోలు కలిపే పని నాది. నాకు ఏడేళ్లప్పుడు మొదలైంది. ట్యాంకు మూతకు లోపలివైపు గొట్టంలా ఒక కొలగిన్నె ఉంటుంది, ఆయిలు దానితోనే కొలవాలి. మేం 20 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు కలిపేవాళ్లం. ఆయిలు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గుకు మసి పడుతుంది, రెంటి మధ్య నీ చెయ్యి నిలవాలి అనేవారు నాన్నగారు. నిష్పత్తి అంటే ఏమిటో బడిలో చెప్పకముందే నాకు ఆ మూతతో తెలిసింది. తర్వాత 33 ఏళ్లు లెక్కలు చెప్పాను. ఆరో తరగతిలో నిష్పత్తుల పాఠం ఏటా ఈ పెట్రోలు లెక్కతోనే మొదలుపెట్టాను.

నాన్నగారు 1994 దాకా నడిపారు. 2009లో పోయారు. ఆ తర్వాత కూడా ఏటా దసరాకు బండి కడిగి, బొట్టు పెట్టి, స్టార్ట్ చేసి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించేవాళ్లం. 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు పెరట్లో పాక కూలి బండి మీద పడింది. ముందు మడ్‌గార్డు నొక్కుకుపోయింది, స్పీడోమీటరు అద్దం పగిలింది. అప్పుడు కూడా మూడో కిక్కుకు స్టార్టయింది.

2021లో సర్వీసింగ్ చేయిద్దామని ఒక మెకానిక్‌కు ఇచ్చాను. ఆయన మాగ్నెటో (ప్లగ్గుకు నిప్పు పుట్టించే భాగం) విప్పి, ఆ ముక్కలు నెలరోజులు బల్ల మీద వదిలేశారు. వెళ్లి అడిగిన ప్రతిసారీ రేపు అన్నారు. చివరికి బిగించి ఇచ్చారు. అప్పటి నుంచి పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది, పది నిమిషాలకు ఆగిపోతుంది. వేడి తగ్గేదాకా ఎన్ని కిక్కులు కొట్టినా కదలదు. కార్బొరేటర్ మార్చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎందుకు అమ్ముతున్నానంటే, ఇల్లు అన్నదమ్ముల వాటాల్లో పోతోంది. నేను మా అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను. అక్కడ నాలుగో అంతస్తు. దీన్ని పెట్టుకోవడానికి చోటు లేదు.

ముగ్గురు వచ్చి చూశారు. పాత ఇనుము కొనే ఆయన తూకానికి అడిగారు, ఆయన వృత్తి అది, తప్పు లేదు. రెండో ఆయన వేరే జిల్లా నుంచి వచ్చారు, పాత బళ్ల వ్యాపారం. "మొత్తం ఎర్ర రంగు కొట్టించి, మెరిసేవన్నీ నికెల్ చేయించండి, అప్పుడు నేను మంచి రేటుకు అమ్మిపెడతాను" అన్నారు. బండి అసలు రంగు లేత పచ్చ, ట్యాంకు పక్కల మీగడ రంగు. 1974లో నాన్నగారు రంగు లేచిన చోట్ల పచ్చ ఎనామిల్ కొని కుంచెతో వేశారు. ఆ కుంచె గీతలు కనిపిస్తాయి. టూల్ బాక్సు వెనక మాత్రం ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంది. మూడో ఆయన మాట నాకు అర్థం కాలేదు. బండి వద్దట, సీ బుక్కు (రిజిస్ట్రేషన్ పుస్తకం) ఒక్కటి ఇస్తే 40 వేలు ఇస్తారట.

నేను అడిగేవి ఇవి. రంగు వేయించాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? వేడెక్కితే ఆగిపోయే జబ్బు దేనివల్ల? సీ బుక్కు నాన్నగారి పేరు మీదే ఉంది, టాక్సు 1994తో ఆగింది, దీన్ని దారిలో పెట్టడం ఎలా? ఇంకొకటి, ట్యాంకు మూత నా దగ్గర ఉంచుకుని బండికి వేరే మూత పెట్టి ఇస్తే కొనేవాళ్లకు నష్టమా?

ఎవరు కొన్నా రోడ్డు మీద నడిపేవాళ్లే కొనాలని నా కోరిక. హాల్లో సోఫా పక్కన నిలబెట్టడానికైతే నాకు ఇవ్వాలని లేదు.

ఆమదాలవలస షెడ్డు:

అమ్మా, నమస్తే. నేను 38 ఏళ్లుగా టూ స్ట్రోకు బళ్లే చేస్తున్నాను. రాజ్‌దూత్‌లు, జావాలు, యెజ్డీలు ఎక్కువ. బాంటమ్‌లు నా చేతిలో నాలుగు పడ్డాయి. మీరు రాసింది చదివితే బండి కళ్లకు కట్టింది.

ముందు జబ్బు సంగతి. కార్బొరేటర్ మార్చకపోవడం మంచిదైంది. అది అమాల్ కార్బొరేటర్, ఆ బండికి పుట్టిన సామాను, పోగొట్టుకుంటే మళ్లీ రాదు. మీ బండి జబ్బు పెట్రోలుది కాదని నా నమ్మకం. మాగ్నెటో విప్పి నెలరోజులు బల్ల మీద పెట్టారన్నారు కదా, అదే కారణం అయ్యుండాలి. పాత కాలం అయస్కాంతం ఇప్పటివాటిలా కాదు. దాన్ని ఊడదీస్తే వెంటనే రెండు కొసల మధ్య ఒక ఇనుప ముక్క అడ్డం పెట్టాలి. ఊరికే వదిలేస్తే శక్తి దిగిపోతుంది. శక్తి తగ్గిన అయస్కాంతం చల్లటి కాయిల్‌తో ఎలాగో నిప్పు పుట్టిస్తుంది. కాయిల్ వేడెక్కిందంటే ఆ కాస్త నిప్పూ రాదు.

ఒక పని చేయండి. బండి ఆగిపోయిన వెంటనే ప్లగ్గు విప్పి, తీగకు తగిలించి, ఇంజను మీద ఆనించి, ఎవరిచేతనైనా కిక్కు కొట్టించండి. చీకట్లో చూడండి. నీలంగా, చిటుక్కుమని చప్పుడుతో వస్తే నిప్పు బాగున్నట్టే, అప్పుడు పెట్రోలు వైపు చూద్దాం. పల్చగా పసుపు రంగులో వస్తే, లేదా అసలు రాకపోతే, మాగ్నెటోదే. ముందు కండెన్సర్ మార్చండి, చవకైన సామాను అది. మాగ్నెటోలో కరెంటును తెరిచి మూసే పాయింట్ల మధ్య ఖాళీ అంగుళంలో వెయ్యికి 15 వంతులు ఉండాలి, పాయింట్లు కాలి నల్లబడి ఉంటే కండెన్సర్ పోయినట్టే. అప్పటికీ తగ్గకపోతే మాగ్నెట్ ఛార్జింగ్ చేయించాలి. స్కూటర్లకు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, నాకు తెలిసిన చోటు విశాఖపట్నంలో ఒకటి ఉంది.

రెండోది పొగ. స్టార్ట్ చేసి ఐదు నిమిషాల తర్వాత కూడా తెల్లగా, దట్టంగా పొగ వస్తోందా? టూ స్ట్రోకు ఇంజనులో పెట్రోలు ముందు కింద క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడి నుంచి పైకెక్కుతుంది. ఆ గది రెండు పక్కలా ఆయిల్ సీళ్లు ఉంటాయి. క్లచ్ వైపు సీలు అరిగితే గేరు ఆయిలు లోపలికి పీల్చుకుని తగలబెడుతుంది. నేల మీద చుక్క పడదు, కానీ గేరు బాక్సులో ఆయిలు తగ్గుతూ ఉంటుంది. మాగ్నెటో వైపు సీలు అరిగితే గాలి పీల్చి, ఇంజను తనంతట తానే అరుస్తుంది. ఇంజను విప్పితే సీళ్లు రెండూ మార్చేయాలి, ఒకటి బాగుందని వదలకూడదు.

పార్టుల గురించి ఒక మాట. ఈ బండి ఇంగ్లీషువాళ్లు సొంతంగా గీసింది కాదు. జర్మనీలో డీకేడబ్ల్యూ కంపెనీ యుద్ధానికి ముందు చేసిన ఆర్‌టీ 125 బండి ఇది. యుద్ధంలో ఓడాక నష్టపరిహారం కింద ఆ డ్రాయింగులు గెలిచిన దేశాలు తీసుకున్నాయి. బీఎస్ఏ 1948లో బాంటమ్ చేసింది, అమెరికాలో హార్లీ ఒకటి చేసింది, రష్యావాళ్లు ఒకటి చేశారు. 1955లో యమహా మొట్టమొదటి బండి వైఏ1 కూడా ఇదే నమూనా. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు ఇది విని, అయితే వాటి సామాను దీనికి పడుతుందా అంటారు. పట్టదు. గేరు కుడివైపుకు రావాలని బీఎస్ఏవాళ్లు డ్రాయింగును అద్దంలో చూసినట్టు తిరగేశారు, కొలతలు అంగుళాల్లోకి మార్చేశారు. బేరింగులు, సీళ్లు మాత్రం కొలత చెబితే బేరింగు షాపులో దొరుకుతాయి. గ్యాస్కెట్లు నేను కోసుకుంటాను. టైర్లే కష్టం. 2.75, 19 అంగుళాలు. బుల్లెట్ పాత టైరు కూడా 19 అంగుళాలదే, కానీ దాని వెడల్పు 3.25. నేను ఒకసారి వేసి చూశాను, మడ్‌గార్డుకు రాసుకుంది.

రంగు వేయించొద్దు. ఖరాఖండిగా చెబుతున్నాను. కొత్త రంగు వేసిన పాత బండి చూడగానే నాకు వచ్చే మొదటి అనుమానం, కింద పుట్టీ ఎంత ఉందో అని. తెలిసినవాడు ఎవడైనా అలాగే చూస్తాడు. మీ బండి రంగు లేచిపోయిన చోట ఇనుము కనిపిస్తుంది, అంటే దాచింది ఏమీ లేదు. కొన్నవాళ్లకు ఇష్టమైతే వాళ్లు రంగు వేయించుకుంటారు. మీరు గీకించేసిన ఫ్యాక్టరీ రంగు మాత్రం ఎవరూ తిరిగి వేయలేరు. నాన్నగారి కుంచె గీతలూ అంతే. తుప్పు ఉన్న చోట మెత్తటి గుడ్డతో పల్చగా ఆయిలు రాయండి, చాలు.

మూత తీసేయొద్దమ్మా. కొలగిన్నె ఉన్న మూత ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. చాలా బళ్లకు మూతలు పోయాయి, ఏదో ఒకటి బిగించి తిప్పుతున్నారు.

చిన్నబజారు విశ్రాంత ఉద్యోగి:

మేడమ్, నేను రవాణా శాఖలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. మీ మూడో బేరం చదివి ఇది రాస్తున్నాను.

సీ బుక్కు ఒక్కటే అడిగినవాడికి ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి. ఆయనకు కావలసింది మీ బండి కాదు, మీ బండి నంబరు. కాగితాలు లేని బండి ఒకటి ఆయన దగ్గర ఉండి ఉంటుంది. దాని చాసిస్ మీద నంబరు గీకి, మీ సీ బుక్కులో ఉన్న నంబరు కొట్టుకుంటారు. అది నేరం. రేపు ఆ బండి ఏదైనా ప్రమాదంలోనో కేసులోనో దొరికితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది సీ బుక్కులో పేరున్న ఇంటికే. ఇంకొక సంగతి, సీ బుక్కు పోయిన మీ బండి ఆ రోజు నుంచి ఉత్త ఇనుమే. మీరు పెట్టిన ఫొటోల్లో చాసిస్ నంబరు పూర్తిగా కనిపిస్తోంది. ఆ ఫొటో దయచేసి వెంటనే తీసేయండి. కొనడానికి ఇంటికి వచ్చినవాళ్లకు చూపిస్తే చాలు.

ఇక దారిలో పెట్టడం. సొంతదారు పోయారు కాబట్టి ముందు బండి మీ పేరుకు మారాలి. దానికి ఫారం 31. నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం పెట్టాలి. ఇల్లు వాటాలు అవుతోందన్నారు కాబట్టి అన్నదమ్ముల సంతకాలు ఇప్పుడే, అందరూ ఒకచోట ఉన్నప్పుడే తీసుకోండి. తర్వాత ఒక్కొక్కరి కోసం తిరగాలంటే చాలా కష్టం. మీ పేరుకు వచ్చాక కొన్నవాళ్లకు మార్చడానికి 29, 30 ఫారాలు మామూలే.

రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ మీకు రెండు దారులు ఉన్నాయి. ఇది మీ కోరికకు సంబంధించిన విషయం కాబట్టి జాగ్రత్తగా చదవండి. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు అవి వర్తిస్తాయి. మొదటిసారి రుసుము 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఇప్పటికే నంబరు ఉన్న బండికి పాత నంబరు ఉంచుతారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ పద్ధతిలో నమోదైన బండిని రోజూ తిరగడానికి వాడకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. మీరు నడిపేవాళ్లకే ఇస్తానంటున్నారు.

అందుకని రెండో దారి మీకు నయం. ఫారం 25తో మామూలు రెన్యువల్. బ్రేకు ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. లైటు వెలగాలి, హారన్ మోగాలి, బ్రేకులు పట్టాలి, చాసిస్ నంబరు సీ బుక్కుతో కలవాలి. పాస్ అయితే ఐదేళ్లకు ఇస్తారు. ఇన్నేళ్ల ఆలస్యానికి రుసుము పడుతుంది, ముందే ఆఫీసులో లెక్క కట్టించుకుని బేరంలో చూసుకోండి.

సీ బుక్కు మీద ఏ ఊరి స్టాంపు ఉందో చెప్పండి. 1951 అంటే మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం నుంచి విడిపోయింది. విజయనగరం జిల్లా 1979 దాకా లేనే లేదు. అప్పట్లో చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. రికార్డు వెతికించాల్సి వస్తే ఏ ఆఫీసు అటకెక్కాలో స్టాంపును బట్టి తెలుస్తుంది.

లెక్కల టీచర్, విజయనగరం:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ఫొటో తీసేశాను. సీ బుక్కు అడిగినాయన మళ్లీ ఫోన్ చేస్తే ఇవ్వనని గట్టిగా చెప్పేశాను. 50 వేలు అన్నారు, ఫోన్ పెట్టేశాను.

సీ బుక్కులో మొదటి స్టాంపు విశాఖపట్నంది. 1959లో నాన్నగారి పేరు రాసిన పేజీలో శ్రీకాకుళంది. మీరు చెప్పిన జిల్లాల సంగతి అచ్చంగా ఆ రెండు పేజీల్లో ఉంది. ఇంతకాలం చూస్తూ ఉన్నా నాకు తోచలేదు.

చాసిస్ నంబరు మీది మట్టి కిరోసిన్ గుడ్డతో తుడిచి చదివాను. "వైడీ1"తో మొదలవుతుంది. సీ బుక్కుతో ప్రతి అంకె సరిపోయింది. ఇంజను నంబరు వేరేగా ఉంది, అది కూడా సీ బుక్కులో విడిగా రాసి ఉంది.

నిన్న రాత్రి మా మేనల్లుడిని పిలిచి ప్లగ్గు పరీక్ష చేశాను. చల్లగా ఉన్నప్పుడు నీలంగానే వచ్చింది. బండిని పదకొండు నిమిషాలు నడిపాక ఆగింది. వెంటనే విప్పి చూస్తే పసుపు రంగు, అదీ మూడు కిక్కులకు ఒకసారి. పొగ మొదటి రెండు నిమిషాలు ఉంది, తర్వాత పల్చబడిపోయింది. గేరు ఆయిలు మట్టం చూశాను, సుద్దముక్కతో గుర్తు పెట్టాను. వారం చూసి చెబుతాను.

ఇంకొకటి గుర్తొచ్చింది. సైలెన్సర్ చేపతోక ఆకారంలో ఉంటుంది. ఏడాదికోసారి నాన్నగారు దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున ఇసుక పోసి ఊపి, బొగ్గంతా రాలగొట్టేవారు. ఆ పని చేసి పాతికేళ్లయింది. చేయించమంటారా?

ఆమదాలవలస షెడ్డు:

ఇంజను నంబరు, చాసిస్ నంబరు వేరుగా ఉన్నాయని కంగారు పడకండి. ఆ కాలం బాంటమ్‌లకు ఫ్యాక్టరీ నుంచే రెండు నంబర్లు వేరుగా ఉండేవి. ఈ సంగతి తెలియనివాళ్లు ఇంజను మార్చారని చెప్పి రేటు తగ్గించబోతారు. సీ బుక్కు చూపించండి.

సైలెన్సర్ తప్పకుండా శుభ్రం చేయించాలి, పొగ వెళ్లే దారి మూసుకుంటే ఇంజను ఇంకా వేడెక్కుతుంది. కాస్టిక్ సోడా మీరు ముట్టుకోకండి, నేను వచ్చి చేస్తాను. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే పూర్తిగా తీసేయండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమ పీలుస్తుంది. మన సముద్రపు గాలికి నిలబెట్టిన బండి ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, పాత రబ్బరు గొట్టాలు మెత్తబడిపోతాయి. నడిపే రోజున కలుపుకోవాలి, నిలబెడితే తీసేయాలి.

ఆదివారం పొద్దున ప్యాసింజరుకు బయల్దేరి వస్తాను. కూలి మాట తర్వాత చూద్దాం.

పలాస కుర్రాడు:

టీచర్ గారూ, నాకు 26 ఏళ్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలో మెషీన్ల మెయింటెనెన్స్ చేస్తాను. పాత టూ స్ట్రోకు బండి కొనాలని మూడేళ్లుగా డబ్బు దాస్తున్నాను. మీ బండి అడగాలని ఉంది. కానీ ఒక అనుమానం. ఇంటి నుంచి ఫ్యాక్టరీకి రానూపోనూ 12 కిలోమీటర్లు. రోజూ కాకపోయినా వారానికి రెండు మూడు రోజులు దీని మీద వెళ్లొచ్చా? ఇంత పాత బండిని అలా వాడితే పాడుచేసినట్టవుతుందా?

లెక్కల టీచర్, విజయనగరం:

బాబూ, ఆ బండి 35 ఏళ్లు మట్టిరోడ్ల మీద రోజుకు 40 కిలోమీటర్లు తిరిగింది. నిలబెట్టినప్పుడే పాడైంది. కొన్ని మాత్రం తెలుసుకుని రా. హైవే మీదికి పనికిరాదు, లారీల మధ్య దీని వేగం చాలదు. రెండు చక్రాలకూ చిన్న డ్రమ్ము బ్రేకులు, వానలో తడిస్తే కాసేపు పట్టవు, ముందు నుంచే బ్రేకు నొక్కుతూ రావాలి. లైటు ఇంజను వేగాన్ని బట్టి వెలుగుతుంది, నెమ్మదిగా పోతే గుడ్డిది అవుతుంది. నాన్నగారు చీకటి పడితే రెండో గేరులో ఇంజను పెంచుకుని వచ్చేవారు, ఆ చప్పుడు వినే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. పొడుగు వాలు దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి దిగకూడదు. ఆయిలు పెట్రోలుతోనే వెళ్తుంది కాబట్టి, పెట్రోలు ఆపేస్తే పిస్టన్‌కు ఆయిలు అందదు. మధ్యమధ్య కాస్త తిప్పి వదలాలి.

లెక్కల టీచర్, విజయనగరం, 3 వారాల తర్వాత:

అందరికీ చెప్పాలి కదా అని రాస్తున్నాను. ఆమదాలవలస తమ్ముడు చెప్పినట్టే ఆదివారం వచ్చారు. కండెన్సర్ మార్చారు, కొంచెం మెరుగైంది, పూర్తిగా తగ్గలేదు. అయస్కాంతం ఊడదీసి, వెంటనే ఇనుప ముక్క అడ్డం పెట్టి, గుడ్డలో చుట్టి విశాఖపట్నం తీసుకెళ్లారు. ఛార్జింగ్ చేయించి తర్వాతి ఆదివారం తెచ్చి బిగించారు. సైలెన్సర్ నుంచి రెండు దోసిళ్ల బొగ్గు రాలింది. గేరు ఆయిలు నేను సుద్దతో పెట్టిన గుర్తు దగ్గరే ఉంది, సీళ్లు ఇప్పటికి బాగున్నట్టే.

కాగితాలు పూర్తికాలేదు కాబట్టి రోడ్డెక్కించలేదు. మా పక్క ఖాళీ స్థలంలో చుట్లు తిప్పారు. నేను గడియారం పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు దాటింది, ఇరవై దాటింది. 45 నిమిషాలు ఆగకుండా నడిచింది. ఆపి, వేడి మీదే మళ్లీ కిక్కు కొడితే రెండోదానికి అందుకుంది. తర్వాత నేను ఎక్కి రెండు చుట్లు తిరిగాను. పెళ్లికి ముందు నాన్నగారు చీపురుపల్లిలో బడి మైదానంలో నేర్పారు. కుడికాలితో గేరు వేయడం కాలికి ఇంకా గుర్తుంది.

అన్నదమ్ములు ఇద్దరూ సంతకాలు పెట్టారు, ఫారం 31 ఇచ్చాను. పేరు మారాక రెన్యువల్‌కు పెడతాను. రంగు వేయించడం లేదు. మడ్‌గార్డు నొక్కు కూడా అలాగే ఉంచాను.

ధర 65 వేలు. మరమ్మతుకు అయినదీ, రెన్యువల్‌కు అయ్యేదీ అందులోనే, అవి నేనే పెట్టుకుంటాను. బేరం లేదు. సీ బుక్కు బండితోనే వెళ్తుంది, విడిగా ఎవరికీ ఇవ్వను. పలాస బాబు మొన్న వచ్చి చూశాడు. ప్లగ్గు తనే విప్పి, రంగు చూసి, తనే బిగించాడు. రెన్యువల్ అయ్యేదాకా ఆగుతానన్నాడు. అతను వద్దనుకుంటే ఇక్కడే మళ్లీ రాస్తాను.

ట్యాంకు మూత బండికే ఉంచాను. తీసుకెళ్లే రోజు మొదటి ట్యాంకు పెట్రోలు నేను కలిపి పోస్తాను. గిన్నె నిండా కాకుండా ఎంత తగ్గించి పోయాలో అప్పుడు చూపిస్తాను, అది కాగితం మీద రాస్తే అర్థం కాదు.